బస్సు మెట్టు మీద అత్తమ్మ

పోయిన ఏడాది అబిడ్స్‌లో బస్సు దిగుతూ మా అత్తమ్మ పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారాయని, అందుకే అంత చిన్న దెబ్బకే విరిగిందని నాంపల్లి దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషనైన మర్నాడే నడిపించమంది.

"వద్దత్తమ్మా, జర పండుకోరాదూ!" అన్నాను.

"కదలకుంటే ఉన్న బలం గూడ పోతదట. నువ్వు ఫికర్ చెయ్యకు, చెయ్యియ్యి" అంటూ లేచింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా అడుగు వేసింది.

మొన్న మళ్లీ అదే స్టాపులో దిగాం. కర్ర పట్టుకుని తనే ముందు దిగి, వెనక్కి తిరిగి నాకు చెయ్యి చాచింది.

"జర పైలం బిడ్డా, నీకు గూడ యాభై వస్తున్నయ్ గదా!"

అప్పటి నుంచి పొద్దున్నే ఇద్దరం కలిసి నడుస్తున్నాం. ముందు ఆయాసపడి ఆగిపోయేది మాత్రం నేనే.