ఒకే రిజిస్టరులో అక్కా తమ్ముడు: నాన్నతో సీతంపేట ప్రయాణం

మార్చి చివర్లో ఒక సాయంత్రం ఏసేబు ఫోన్ చేశాడు. సీతంపేట కొండల్లో ఒక ఊరి బడికి నాన్న హెడ్మాస్టరుగా ఉన్న అయిదేళ్ళలో చివరి మూడేళ్ళూ ఏసేబు నా తరగతే. అనాసపండు ముక్కల మీద ఉప్పూకారం జల్లుకుని తినడం నాకు నేర్పినవాడు, ఊరి గెడ్డ, అంటే వాగు, దాటేటప్పుడు నా పలక కూడా మోసినవాడు. "పాపగారూ, మాస్టారు బాగున్నారేటి? ఓపాలి ఆయన్ని తీసుకొస్తారేటి?" అన్నాడు. వాళ్ళమ్మాయికి నర్సింగులో సీటు వచ్చింది. సవర తెగ పిల్ల అని సర్టిఫికెట్ చూపిస్తేనే ఆ సీటు నిలుస్తుంది. తీరా తండ్రి బడి రికార్డు తీయిస్తే కులం గడిలో 'క్రైస్తవులు' అని ఉందట. ఆ చేతిరాత మా నాన్నది. గడువు శుక్రవారం.

నాన్నకు ఎనభై ఒకటి. తరతరాలుగా సంగీతం, చదువు చెప్పుకుంటూ వచ్చిన విజయనగరం ఇంట్లో పుట్టారు. ఆయన దస్తూరీని ఎవరైనా మెచ్చుకుంటే ఆ రోజంతా ఉప్పొంగిపోతారు. తప్పు జరిగిందంటే మాత్రం ఆయనకు చెవులు వినపడవు. ఎలాగో ఒప్పించి సోమవారం పొద్దున్న ఆరున్నరకు విజయనగరం బస్ కాంప్లెక్సులో పాలకొండ బస్సు ఎక్కించాను. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే నాకు టికెట్ లేదు, ఆయనకు రాయితీ పోను వంద లోపే అయింది. చీపురుపల్లి, రాజాం మీదుగా రెండున్నర గంటలు. రాజాం దాటాక జీడితోటల పూతవాసన కిటికీలోంచి కొట్టింది. పాత రోజుల్లో ఇదే దారిలో అమ్మ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని స్వరాలు పలికించేది. అమ్మ లేకుండా ఈ దారిన రావడం ఇదే మొదటిసారి.

కాసేపటికి నాన్నే ఆ రికార్డు మాట ఎత్తారు. "వాళ్ళ నాన్న మతం పుచ్చుకున్నాడా లేదా? మన వైపు పుచ్చుకున్నవాళ్ళకు ఆ గడిలో అదేగా రాసేవాళ్ళం! అందులో నా తప్పేవిటే?"

మైదానంలో కొందరికి మతం మారితే సర్కారు లెక్కలో వర్గం కూడా మారుతుంది. కొండ తెగలకు ఆ నియమం లేదు. సవరలు ఏ దేవుడికి మొక్కినా సవరలే. ఆ మాటే చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

పాలకొండ నుంచి సీతంపేటకు షేర్ ఆటోలో మనిషికి నలభై. సోమవారం సంత కాబట్టి పసుపు, కొండచీపుర్ల మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. సీతంపేట నుంచి ఊరికి వేరే ఆటో, రానూపోనూ నాలుగు వందలు అడిగాడు. డ్రైవరు జాతాపు. జాతాపులు ఇక్కడి మరో తెగ. ఏ పని మీద వచ్చామో వింటూనే నవ్వాడు. "మా ఆడది సర్చికి ఎల్తాది బాబూ, నాను అమ్మోరికి కోడిని కోస్తాను. ఇద్దరం జాతాపోళ్ళమే. కూరకాడ మాత్రం తేడా రాదు." నాన్న నవ్వలేదు.

ఊళ్ళో వరస ఇళ్ళు, అన్నిటికీ కలిపి ఒకే పొడుగాటి అరుగు. ఏసేబు గుమ్మం మీద చెక్క శిలువ ఉంది. పక్కింట్లో వాళ్ళ అప్ప, అంటే అక్క, సుక్కమ్మ. ఆమె గోడకు ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండితో గీసిన మనుషులు, జంతువుల బొమ్మలు. ఆమె పాత దేవతల్నే కొలుస్తుంది. అక్కా తమ్ముడూ సవర భాషలో ఏదో అనుకుని నవ్వుతుంటే చిన్నప్పుడు ఆ మాటలు కొన్ని నాకూ వచ్చేవని గుర్తొచ్చింది. ఇప్పుడు ఒక్కటీ రాలేదు. కాస్త ఏడుపొచ్చింది.

అంబలి పోశారు. నేను ఇంటినుంచి తెచ్చిన మామిడికాయ పులిహోర మూత తీసి ఏసేబు ముందుకు జరిపాను. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మావిడి కొత్తలు అవనేదు పాపగారూ. పండగయ్యేదాకా మేం కొత్తకాయ నోట ఎట్టం."

"నువ్వు చర్చికి వెళ్తావు కదరా?" అన్నారు నాన్న.

"ఎల్తాను మాస్టారూ. పూజకాడ మా అప్పోళ్ళతో కూకోను. అలాగని ఊరంతా ఆగితే నానొక్కణ్ణే తినీగలనేటి?"

నాన్న చేతిలో పులిహోర ముద్ద ఉంది. దాన్ని మళ్ళీ గిన్నెలో పెట్టేశారు. సుక్కమ్మ వైపు తిరిగారు. "నిన్ను బళ్ళో వేసినప్పుడు సవర అనే రాశాను కదూ?"

"అవును మాస్టారూ. రెండేళ్ళకి తమ్ముణ్ణేసినప్పుడు అలా రాసినారు. మా అయ్య దేవుణ్ణి మార్సుకున్నాడు గానీ మమ్మల్ని మార్సనేదు గదా."

నాన్న చెయ్యి కడుక్కుని, "నడవండి, ఆఫీసుకి వెళ్దాం," అన్నారు.

రెండింటికల్లా సీతంపేట మండలాఫీసులో ఉన్నాం. అక్కడి అధికారి కుర్రాడు, మర్యాదస్తుడు. నాన్న వయసు చూసి అతనే ఒక దారి చూపించాడు. "తండ్రి చెప్పిందే మీరు రాసి ఉంటారు కదండీ?" అన్నాడు. అవునంటే నాన్న మాట నిలుస్తుంది, ఏసేబు రికార్డు అలాగే ఉండిపోతుంది. ఏసేబు చేతులు కట్టుకుని ఇంకా బళ్ళో ఉన్నట్టే నిలబడ్డాడు.

"లేదు బాబూ," అన్నారు నాన్న. "ఆ తండ్రిని నేను అడగనేలేదు. పిల్లాడి పేరు విని రాసేశాను."

కాగితం అడిగి అదే మాట రాశారు. అక్షరాలు వంకర పోయాయి. రెండుసార్లు కలం ఆపి వేళ్ళు విదుల్చుకున్నారు. సంతకం చేశాక ఏసేబు వైపు చూసి, "కూర్చోరా, ఎంతసేపు నిలబడతావు," అన్నారు.

గురువారం సాయంత్రం సర్టిఫికెట్ చేతికొచ్చిందని ఏసేబు ఫోన్ చేశాడు. ఏసేబూ నేనూ మూడేళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆదివారం అతను పాటలు పాడే చోటికీ, సుక్కమ్మ కోడిని పట్టుకెళ్ళే చోటికీ రెండింటికీ వెనకాల పరిగెత్తేదాన్ని. ఎవరు ఏ తెగ, ఎవరిది ఏ మతం అని వాళ్ళెవరూ నన్ను అడగలేదు, నాకూ తట్టలేదు. ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ మనసు అక్కడే ఉండిపోతుంది. అదే బళ్ళో పక్కగదిలో మా నాన్న కలం ఒక్క నిమిషంలో ఆ ఇంటిని రెండుగా విడదీసిందని మాత్రం నాకు నలభై ఏళ్ళకు గానీ తెలియలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఇలాంటి పని మీదైతే విజయనగరంలో మొదటి బస్సే పట్టుకోండి, ఆఫీసులో మనుషులు దొరుకుతారు. రాసిన మాస్టారు ఇంకా ఉంటే, పండగలయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఈ వారమే ఆయన్ని తీసుకెళ్ళండి.