నాయినకు సగమే చెప్పాను

క్యాన్సర్‌తో పోరాడి గెలిచిన వీరుడి గాథ చెబుతాను, సర్దుకుని కూర్చోండి. నిజానికి పోరాడింది సర్జన్. నేను మత్తులో ఉన్నాను.

రెండేళ్ల కిందట, నా ఇరవై ఆరో ఏట, వృషణంలో గడ్డ ఉందని హైదరాబాదులో ఆపరేషన్ చేసి తీసేశారు. తొలిదశే. డాక్టర్ రెండు మాటలు చెప్పారు: "ఇప్పుడు కీమో అక్కర్లేదు. కానీ మూడు నెలలకోసారి రక్తపరీక్షకు, చెప్పినప్పుడల్లా స్కానుకు రావాలి."

గద్వాల వచ్చి నాయినకు మొదటి మాటే చెప్పాను. మేం నేసే అంచు చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నేను లేని రోజు నాయినకూ పని ఉండదు. పైగా పెళ్లిళ్ల కాలం. "ఒకటి పోతేంది నాయినా, స్పేరు ఉంది గద" అని నవ్వించాను కూడా. పరీక్షలు రెండుసార్లు ఎగ్గొట్టాను.

నడుము నొప్పి మొదలైతే నాయినే వెంటబెట్టుకుని తీసుకుపోయాడు. క్యాన్సర్ పాకి కడుపు వెనక గ్రంథులు ఉబ్బాయి, ఇక కీమో తప్పదన్నారు డాక్టర్. పరీక్షలకు ఎందుకు పంపలేదని నాయిననే అడిగారు.

"ఇగ ఏం అవసరం లేదని చెప్పిండు సారూ," అన్నాడు నాయిన. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, "చీర రేపైనా నేస్తుంటిమి గదరా. నాకొక మాట చెప్తే ఏమైతుండె?"

డాక్టర్ అప్పుడు చెప్పిన రెండో మాట ఆ గదిలోనే నాయినకు చెప్పాను, ఈసారి జోకు లేకుండా.

కీమో మూడు విడతలు అయింది, జబ్బు తగ్గింది. వేళకు పోయి ఉంటే ఇంత అవసరమయ్యేదా కాదా, నాకిక ఎప్పటికీ తెలియదు. ఇప్పుడు ప్రతి పరీక్షకూ నాయిన కూడా వస్తాడు. ఆ రోజు మగ్గం బందు.

అన్నట్టు, ఈ రక్తపరీక్షకు పరగడుపున పోనక్కర్లేదు. టిఫిన్ చేసే పోవచ్చు.