అవ్వ కొప్పు, అయిదో పట్టీ

కరోనా అడ్డంకులు తొలగి లారీలు మామూలుగా తిరగసాగిన ఏడు, తమిళుల ఆవణి నెలలో, గాంధీపురం వెనుక సందులోని మా స్ప్రింగు పట్టరై పెత్తనం నా చేతికి వచ్చింది. పట్టరై అంటే కొలిమి ఉన్న పనిశాల. మా ఆయన పోయాక దాన్ని మూసేస్తానని సందంతా అనుకుంది. నేను మూయలేదు. కొలిమికి గాలి తిప్పడంతో మొదలుపెట్టి, ఎర్రబారిన ఉక్కు పట్టీ రంగు చూసి "ఇప్పుడు నూనెలో ముంచండి" అని చెప్పేదాకా అక్కడే నేర్చుకున్నదాన్ని. నాకు చదువంటే తమిళంలో సంతకం, అంతే. ఇది కూడా నేను చెబుతుంటే, చిత్తూరు నుంచి వచ్చిన మా చెల్లెలి కోడలు తెలుగులో రాసిపెడుతోంది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఒట్టన్‌చత్రం సంతకు కూరగాయలు మోసే లారీలు. వాటి కింద ఉండే కమాను కట్టలు మా పని. విల్లులా వంచిన ఉక్కు పట్టీలను పెద్దది, చిన్నది, ఇంకా చిన్నది అని ఒకదాని కింద ఒకటి పేర్చి బిగిస్తే అది కట్ట. బరువు మోసేది కట్ట. గుంతలో పడి లేచిన బండి ఇంకా ఊగకుండా పట్టి ఆపేది షాక్ అబ్జార్బర్. ఒకటి ఎద్దు, ఇంకొకటి ముకుతాడు అనుకుంటే చాలు.

అలాంటి చోటికి ఒకరోజు ఒక అమెరికా కారు వచ్చింది. రెండే తలుపులు, మంచమంత మూతి, కూతపెడితే మా రేకుల కప్పు అదిరే ఇంజను. తెచ్చినవాడు ఉడుమలపేట వైపు మన తెలుగు రైతుల పిల్లవాడు గోవిందరాజు. తాత కొన్న కారు. ఆయన పోయినప్పటి నుంచి కొబ్బరికాయల కొట్టంలో పడి ఉంటే, వీడు ఇంజను బాగుచేయించాడు. ముందు చక్రాలకు కొత్త కాయిల్ స్ప్రింగులు, నాలుగు చక్రాలకూ కొత్త షాక్‌లు పైదేశం నుంచి తెప్పించాడు. వెనుక కట్టలు మాత్రం మేమే చేయాలి. బండి నేలకు దగ్గరగా దిగాలి, బిగువుగా ఉండాలి, మలుపులో పక్కకు ఒరగకూడదు అన్నాడు. అయిదు పట్టీల కట్ట అడిగాడు.

వాడితో పాటు వాళ్ళ అవ్వ రాజమ్మ కూడా వచ్చింది. ఎముకల గూడు లాంటి మనిషి, తల మీద మాత్రం బూడిద గుమ్మడికాయంత కొప్పు. స్టూలు మీద కూర్చుని, అడగకుండానే చెప్పింది. ఆ కారు మళ్ళీ కదిలిననాడు అందులోనే పళనికి వస్తానని మొక్కుకుందట. మనవడు ఒప్పుకోవడం లేదు.

"నీ నడుముకు ఇది తగదు అవ్వా. నువ్వు కొత్త కారులో ఏసీ ఏసుకుని రా. నేను దీంట్లో వెనకే వస్తాను" అన్నాడు గోవిందరాజు.

"మొక్కుకునింది నేనా, నీ ఏసీనా?" అంది అవ్వ.

నా మనసు అవ్వ వైపు ఒరిగింది. మా ఫిట్టరు అంతోణి మేస్త్రిని కొలిమి వెనక్కి పిలిచి నా ఎత్తు చెప్పాను. కట్టలో ఒక పట్టీ తీసేద్దాం. పట్టీ తగ్గితే కట్ట మెత్తబడుతుంది, బండి కాస్త కిందికీ దిగుతుంది. దిగింది కాబట్టి చూపుకు కుర్రవాడికి సంతోషం, మెత్తబడింది కాబట్టి అవ్వ నడుముకు సుఖం. ఆ కొత్త షాక్‌లకు అడుగున ఒక చిన్న మర ఉంది. కుడికి తిప్పితే టిక్కుమంటూ బిగుసుకుంటుంది, ఎడమకు తిప్పితే వదులవుతుంది. దాన్ని పూర్తిగా ఎడమకు తిప్పమన్నాను.

"అయ్యగారికి తెలిస్తే?" అన్నాడు అంతోణి.

"బండి కిందికి దూరి చూసే మొగమా అది? చొక్కాకు ఇస్త్రీ చూసినావా?" అన్నాను.

ఇక్కడ మా పట్టరై పద్ధతి ఒకటి చెప్పాలి. కట్ట చివర్లలో రబ్బరు బుష్‌లు ఉంటాయి. బండిని జాకీ మీద లేపి ఆ బోల్టులు బిగించేస్తే, దింపగానే రబ్బరు మెలిక తిరిగి తొందరగా చిరిగిపోతుంది. అందుకని కడపటి బిగింపు బండి నేల మీద, అది మోయబోయే బరువుతో నిలబడ్డాకే చేస్తాం. లారీ అయితే మూటలు ఎక్కిస్తాం. కారైతే ఇంటివాళ్ళు వచ్చి కూర్చోవాలి. దీనికి మేము పెట్టుకున్న పేరు ఇంటి బరువు.

బిగింపు రోజున గోవిందరాజు ఇంటి బరువును వెంటబెట్టుకొచ్చాడు. అవ్వ, పట్టుచీరల్లో లావుపాటి మేనత్తలు ఇద్దరు, ఒక టిఫిన్ క్యారియరు. అవ్వను ముందు కూర్చోమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "అప్పట్లో ముందు సీటు మా అత్తది. నాది ఎనకే" అని, ముందు సీటు మడిచి వంగి దూరింది. ఒక మేనత్త ఆమె పక్కన ఇరుక్కుంది, రెండోది ముందు కూర్చుంది. అంతోణి కింద పడుకుని బోల్టులు బిగించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిందీ వాడే. ఆదివారం చర్చి తప్పడు, కానీ మా సందులో నిమ్మకాయ సరిగ్గా నలిగేలా పెట్టడం వాడి తర్వాతే ఎవరైనా.

నిమ్మకాయలు నలిగాయి, గుమ్మడికాయ పగిలింది, బండి పల్లడం దారి పట్టింది. నేనూ వెనుక సీట్లో ఒక మూల ఇరుక్కున్నాను. వేగనిరోధకం ఒకటి దాటాం, తెలియలేదు. పెద్ద గుంత ఒకటి వచ్చింది, ఉయ్యాల ఊగినట్టు దిగి లేచింది. నాలో నేనే మెచ్చుకుంటూ అవ్వ వైపు చూశాను. ఆమె ముఖం చింతపండు చప్పరించినట్టు ఉంది.

"ఆపురా కన్నూ. ఇది మీ తాత బండి కాదు."

"అదే అవ్వా ఇది!"

"సుమ్మా ఉండు, నోరు మూసుకో. ఆయన తోల్తే ఈ దోవలో నా కొప్పు పైకప్పుకు తగలాల. తగిలినప్పుడల్లా ఆయన అద్దంలో చూసి నవ్వేవోడు. మా అత్తకు తెలిసేది కాదు. ఇదేంది, పిండిలో పోతున్నట్టుండాది?"

మేనత్తలు కొంగు అడ్డం పెట్టుకున్నారు. గోవిందరాజు బండి ఆపి నా వైపు తిరిగాడు. "నాకూ మెత్తగానే ఉండాది అక్కా. ఎన్ని పట్టీలు పెట్టినారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. "నాలుగు" అన్నాను. "అవ్వ నడుము కోసం."

"నా నడుము నిన్ను అడిగిందా?" అంది అవ్వ. "నొస్తే నాది నొస్తుంది. నీది కాదు గదా అమ్మిణీ?"

తిరిగి వచ్చి అయిదో పట్టీ ఎక్కించాం. షాక్ మర కుడికి తిప్పాం. మళ్ళీ బిగించాలంటే మళ్ళీ ఇంటి బరువు కావాలి. ఆకలి వేసిన మేనత్తలు దిగకుండానే క్యారియరు విప్పి బండిలో పులిహోర తిన్నారు. బోల్టు బిగిస్తున్న అంతోణి నుదుటి మీద ఒక పల్లీ పడింది. ఇది కూడా బరువులో చేర్చాలా అని వాడు కింద నుంచి అడిగాడు.

అప్పుడు గోవిందరాజు నన్ను పక్కకు పిలిచాడు. బిగువు కావాలని వచ్చినవాడే గొంతు తగ్గించి, "వెనుక నాలుగు టిక్కులు వదులు చెయ్యండక్కా, అవ్వకు చెప్పొద్దు" అన్నాడు. వాడు అటు పోగానే అవ్వ కిటికీలోంచి వేలు ఆడించింది. "వాడు తగ్గించమనుంటాడు. తగ్గించినావో, పళని నుంచి నేరుగా ఈడికే వస్తాను."

ఇద్దరికీ సరే అన్నాను. మర ముట్టుకోలేదు.

రెండు రోజులకు పంచామృతం డబ్బాతో కారు మా గుమ్మం ముందు ఆగింది. మొదట దిగినవాడు గోవిందరాజు. ఒక చెయ్యి తలుపు మీద, ఇంకొకటి నడుము మీద. "అమ్మా" అని మూలిగాడు. వెనుక సీట్లోంచి అవ్వ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది. కొప్పు పూర్తిగా ఒక పక్కకు వాలి, చెవి మీద కూర్చుని ఉంది. దాన్ని సర్దుకోలేదు. అంతోణి నవ్వు ఆపుకోలేక కొలిమి వైపు తిరిగాడు.

"ఎన్నిసార్లు తగిలింది?" అన్నాను.

"దారాపురం దాకా లెక్కపెట్టినాను. ఆమీద మరిచిపోయినాను" అంది అవ్వ.

బరువు తూచి పట్టీలు ఎంచడం మా ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆ బరువుకూ నోరుంటుందని, దాన్ని కడపటి బిగింపు నాడు కాదు, కొలిమి అంటించక ముందే అడగాలని ఈ కారుతో తెలిసింది. ఆ తరువాత పట్టరై అంతోణికి అప్పగించి తప్పుకునే దాకా, ఏ కారు వచ్చినా ముందు ఇంటివాళ్ళను పిలిపించి, వెనుక కూర్చునేది ఎవరో కనుక్కుని, వాళ్ళతోనే మాట్లాడాను. తోలేవాడితో ఆ తరువాత.