విరిగిన గేటు కోసం అప్పలనరసమ్మ

రాయపూర్‌లోని గుఢియారీ పేటలో అప్పలనరసమ్మను ఎరగనివాళ్ళు తక్కువ. పొద్దున్నే ఇంటి ముందు పెసరట్లు పోసి అమ్ముతుంది. పట్టిన పట్టు విడవదని పేరు. విజయనగరం నుంచి దుర్గారావును పెళ్ళాడి రాయపూర్ వచ్చిన కొత్తలో ఆమెకు హిందీ ముక్క రాదు. దుర్గారావు ఊరి బయట రైల్వే గేటుమన్.

ఆ గేటు దగ్గరే ఒకనాటి ఉదయం పెళ్ళివారి బస్సును రైలు గుద్దేసింది. చాలామంది పోయారు. గేటు వేసే ఉంది. రెండు నిమిషాలు ఆగే ఓపిక లేని డ్రైవరు దాన్ని విరగ్గొట్టుకుని పట్టాల మీదికొచ్చాడు. మొగుడికి క్యారేజీ తెచ్చిన అప్పలనరసమ్మ అది కళ్ళారా చూసింది. విచారణలో దుర్గారావు తప్పేమీ లేదని తేల్చారు. ఊరు మాత్రం వినలేదు. గేటు తెరిచే ఉందనీ, తప్పు కప్పిపుచ్చుకోడానికి రైల్వేవాళ్ళే తర్వాత విరగ్గొట్టి పడేశారనీ చెప్పుకున్నారు. పెళ్ళాం సాక్ష్యం ఎవడికి కావాలి? టీకొట్టు దగ్గర వెనక నుంచి వినిపించే మాటలు భరించలేక ఆ మనిషి క్రమంగా ఇంటికే అతుక్కుపోయాడు. రిటైరు కాకుండానే దిగులుతో పోయాడు.

పదేళ్ళు దాటాక ఆ ప్రమాదం మీద సినిమా తీస్తున్నారని పక్కింటి ఊర్మిళ కబురు తెచ్చింది. ఏడవడానికి ఆడవాళ్ళు కావాలట. అప్పలనరసమ్మ పెనం దించేసి వెంటనే బయల్దేరింది. తన మొగుణ్ణి ఎలా చూపిస్తారో చూడాలి కదా.

చూసింది. ఖాళీ పట్టాల పక్కన కొయ్య గేటు ఒకటి నిలబెట్టారు. గేటుమన్ వేషగాడు దాన్ని బార్లా ఎత్తిపెట్టి, గేటు గది గుమ్మంలో కూర్చుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. బస్సు దర్జాగా పట్టాల మీదికి వెళ్ళింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గేటు వేసే ఉందని చెప్పబోతే, అసిస్టెంటు తరుణ్ "తర్వాత, అమ్మాజీ" అంటూ పక్కకు తోశాడు. ప్రమాదం సీనులో బస్సు దగ్గరికి అందరికంటే ముందు పరుగెత్తి కూలబడే తల్లి వేషం ఆమెకే ఇచ్చారు. ముఖంలో దుఃఖం బాగుందట. కళ్ళలో గ్లిజరిన్ వేసి, ముఖాన్ని దగ్గరగా తీశారు.

మర్నాడు ఆమె వేరే చీర కట్టుకుని వెళ్ళింది. తరుణ్ పరుగెత్తుకొచ్చాడు.

"నిన్నటి చీర ఏది? మిగతా సీను ఇవాళ తీయాలి. చీర మారితే జనం నవ్వుతారు, అమ్మాజీ. నిన్న చేతికున్న ఆకుపచ్చ గాజులు కూడా ఉండాలి."

అప్పలనరసమ్మ అతణ్ణి తేరిపార చూసింది. ఇంటికెళ్ళి నిన్నటి చీరే కట్టుకుని, గాజులు వేసుకుని వచ్చింది. వచ్చాక కెమెరా ముందుకు పోకుండా, డైరెక్టర్ మహేంద్ర కుర్చీ ఎదుట నేల మీద చతికిలబడింది.

"నా గాజులు మారితే మీకు తప్పు. నా మొగుడు వేసిన గేటు మీరు తెరిచేస్తే తప్పు కాదా సాబ్?" అంది తనకొచ్చిన హిందీలో. "ఆ గేటుమన్ నా మొగుడు. గేటు విరగ్గొట్టి బస్సు కింద పెట్టండి. అప్పుడు ఏడుస్తాను."

మహేంద్ర మొదట నచ్చజెప్పాడు, తర్వాత కసురుకున్నాడు. ఇది సినిమా అన్నాడు. ఆమె లేవలేదు. ఇంకొకరిని పెడదామంటే నిన్న తీసిందంతా మళ్ళీ తీయాలి. బస్సును సాయంత్రం తిరిగి పంపేయాలి. ఎండ వాలిపోతోంది.

"విరగ్గొట్టండయ్యా," అన్నాడు విసుగ్గా. "ఎడిటింగులో కోసేద్దాం," అని తరుణ్ చెవిలో గొణిగాడు. అప్పలనరసమ్మకు అది వినబడింది. అయినా లేచింది.

ఇద్దరు మనుషులు ఆ కొయ్య దూలాన్ని రెండు ముక్కలు చేసి బస్సు చక్రాల కింద పడేశారు. ఆనాడు ఎలా పడి ఉందో అలాగే ఉంది. అది చూడగానే ఆమెకు గ్లిజరిన్ అక్కర్లేకపోయింది. దుర్గారావు పోయిన రోజున కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ ఏడుపును కోసేయడానికి తర్వాత ఎవరికీ మనసొప్పలేదు.

సినిమా వచ్చింది. పండరీ బజారులో బట్టల కొట్లో పనిచేసే కూతురు అమూల్య ఒక సాయంత్రం ఫోను పట్టుకుని ముఖం ముడుచుకుని వచ్చింది.

"అమ్మా, సినిమా చూసినోళ్ళందరూ ఫోన్లో మజాక్ చేస్తన్నారు. ముందేమో గేటు పైకుందట, నువ్వేడిసే కాడికొచ్చేసరికి ఇరిగి కింద పడుందట. ఇంత పెద్ద గల్తీ ఎలగ చేశారని నవ్వుతన్నారు."

అప్పలనరసమ్మ ఫోను అందుకుంది. తన ముఖం వెనక విరిగిన గేటు కనబడే చోట బొమ్మను ఆపమంది. చాలాసేపు చూసింది.

"నవ్వనీ," అంది. "గల్తీ ఆ ముందు చూపిన గేటులో ఉంది. ఇది మీ అయ్య గేటు."