స్టూలమ్మ ముద్ర

“మేమిద్దరం ఒక్కసారే పోతే ఈ పిల్ల గతేంటి?”

పాప పుట్టినప్పటి నుంచి అతను లోలోపల గొణుక్కుంటున్న మాటే. ఆ రోజు ల్యాబులో గాజు గొట్టాలు కడుగుతుండగా నోరు జారి పైకి వచ్చేసింది. పక్కనే ఉన్న బావ విననే విన్నాడు.

“రోజుకోసారి చచ్చిపోతుంటావేంటి సైంటిస్టూ! ఒక కాగితం రాసి పడేయ్, పీడా పోతుంది. మీ అక్కా నేనూ లేమూ?”

అతను రసాయన శాస్త్రం చదివినవాడు. మొగుడూ పెళ్లాలు ఒకేసారి పోయే అవకాశం ఎంత తక్కువో లెక్క కట్టి చూపించగలడు. కానీ ఆ లెక్క తలకెక్కేదే తప్ప గుండెలోకి దిగేది కాదు. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేవాడు. వేలు తగిలి పిల్ల లేచి గుక్కపెడితే, హమ్మయ్య అనుకునేవాడు. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి అలసిపోయి వచ్చిన భార్య మాత్రం హమ్మయ్య అనుకునేది కాదు.

అతనూ బావా కలిసి నడిపేది నీళ్లు పరీక్షించే ల్యాబు. తాగే నీళ్లు మంచివా కావా అని అతను తేల్చి, రిపోర్టు మీద సంతకం పెడతాడు. జనాన్ని తెచ్చేదీ, మాట్లాడేదీ బావ. ల్యాబు పైనే అక్కా వాళ్ల ఇల్లు. పగలంతా పాప అక్క చంకలోనే. సంపాదన బావ చేతిలో, పిల్ల అక్క చేతిలో. మధ్యలో అతను అడకత్తెరలో పోకచెక్క.

నోటరీకి కబురు పెట్టేనాటికి ఒక కాగితం కాస్తా రెండయింది.

“ఆవిడ ఎలాగూ ఇంతదూరం వస్తోంది కదా, ఇది కూడా కానిచ్చేద్దాం” అన్నాడు బావ. ఆ రెండో కాగితం ప్రకారం ఇక మీదట రిపోర్టుల మీద అతని తరఫున బావ సంతకం పెట్టొచ్చు. “నువ్వు పరీక్ష చేసి నోటితో చెప్పు చాలు. చేసిందే రెండుసార్లు చేసి, దానికి మళ్లీ ఒక పూట ఆలోచించి... నీ సంతకం కోసం జనం పడిగాపులు కాస్తున్నారయ్యా!”

బావ చెడ్డవాడు కాడు, తొందర మనిషి. నీళ్లలో క్రిములున్నాయో లేదో తేలాలంటే వాటిని వెచ్చని పెట్టెలో ఒక పగలూ ఒక రాత్రీ ఉంచాలి. ఈ మధ్యే ఒక పసిపిల్లల బడి వాళ్లు ఫోన్ చేస్తే, బావ సీసాని వెలుగుకెత్తి చూసి, “అద్దంలా ఉన్నాయండీ, హాయిగా పట్టించండి” అనేశాడు. మర్నాడు ఫలితం బాగానే వచ్చింది. “చూశావా!” అన్నాడు బావ. అతనికి ఆ పూట ముద్ద దిగలేదు.

వద్దని చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాడు. బావని కాదంటే అక్క ముఖం మాడుతుంది. అక్క ముఖం మాడితే పిల్లని ఎక్కడ వదలాలి? కొత్త చోట ఎవరో ఆయా, ఎవరివో నీళ్లు... అక్కడితో ఆలోచన ఆగిపోయేది, నాలుక మడతపడేది.

చెప్పిన రోజున నోటరీ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల ఆమె అసలు పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ స్టూలమ్మే. ఆమెకి ఆఫీసంటూ లేదు, స్కూటరే ఆఫీసు. మంచం దిగలేనివాళ్లూ, కొట్టు వదిలి రాలేనివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ పిలిస్తే వెళ్లి, చూసి, విని, ముద్ర వేసి వస్తుంది. సంచిలో ముద్ర, సిరాపెట్టె ఉంటాయి. స్కూటరు వెనక తాడుతో కట్టిన మడత స్టూలు ఉంటుంది.

“పొద్దున్నే ఆస్పత్రికెళ్లి మీ ఆవిడ సంతకం తీసుకున్నాను బాబూ” అందామె లోపలికి వస్తూ. “క్యాంటీన్‌లో కూర్చోబెట్టి మరీ.”

“రండి రండి, అన్నీ సిద్ధం. అయిదు నిమిషాల పని!” బావ కాగితాలు రాతిగట్టు మీద పరిచి, అతని చేతిలో పెన్ను పెట్టేశాడు. అక్క పాపని నేల మీద దింపి గోడకి ఆనుకుంది.

స్టూలమ్మ తన స్టూలు విప్పి అతని ముందు వేసింది. “కూర్చోండి.”

“ఇక్కడ మేమంతా నిలబడే పని చేస్తామండీ” అన్నాడు బావ.

“పని నిలబడే చేసుకోండి. సంతకం కూర్చుని పెట్టాలి.”

“కూర్చుంటే సంతకం మారుతుందా ఏంటి?”

“ఒక్కోసారి మారుతుందండీ.”

అతను కూర్చున్నాడు. పొట్టి స్టూలు. రోజూ నడుము దాకా ఉండే గట్టు ఇప్పుడు తలకన్నా ఎత్తుగా, గోడలా లేచింది. ఎదురుగా బావ బెల్టు, పక్కన అక్క చీర కుచ్చిళ్లు. గది ఒక్కసారి ఇరుకైపోయింది. ఆమె తన సంచిని అతని ఒళ్లో పెట్టి, దాని మీద మొదటి కాగితం ఉంచింది.

“కాగితం మంచిదో చెడ్డదో నేను చెప్పను, అది నా పని కాదు. ‘ఎవరి బలవంతమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో’ అని రాసుంది చూశారా? అది మీ నోటితో వినాలి.”

తాము లేకపోతే పాపని అక్క పెంచాలన్న కాగితం అది. అతను తడుముకోకుండా చెప్పాడు, సంతకం పెట్టాడు. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

రెండోది వచ్చింది.

“ఎవరి బలవంతమూ...” అన్నాడతను. అక్కడే ఆగిపోయాడు.

“అనేయ్ సైంటిస్టూ, ఏమన్నా మంత్రమా!” బావ నవ్వాడు. “సిగ్గండీ వీడికి. పెళ్లి సంతకం కూడా నేనే చెయ్యి పట్టుకుని పెట్టించా.”

“ఆ కాగితం మీద ముద్ర నాది కాదు లెండి” అందామె, నవ్వకుండా.

అతను తల వంచుకున్నాడు. ఆ వంచిన తలకి, గట్టు కింద పాప కనిపించింది. నిలబడ్డవాళ్లెవరికీ కనిపించని చోట, ఆ పూటే పరీక్షకి వచ్చిన సీసాల పెట్టె దగ్గర కూర్చుని, ఒక సీసాని రెండు చేతులా ఎత్తి నోట్లో పెట్టుకుంటోంది.

“వద్దు!”

ఒక్క ఉదుటున వెళ్లి లాక్కున్నాడు. పిల్ల ఏడుపు లంకించుకుంది. మూత బిగించే ఉంది. అయినా అతను పాప పెదాలు చొక్కా అంచుతో తుడిచాడు.

“మూతుంది కదయ్యా!” అన్నాడు బావ. “ఉట్టినే పిల్లని హడలగొట్టావు. లేకపోయినా ఏం కాదు, శుభ్రమైన నీళ్లేగా.”

“మీకెలా తెలుసు బావా?”

“చూస్తే తెలియట్లా?”

స్టూలమ్మ తలెత్తి బావని చూసింది. ఏడుస్తున్న పాప కూడా బావ ముఖంలోకి చూసింది.

“రెండో కాగితం వద్దు బావా” అన్నాడతను. వద్దు అన్న మాట ఒకసారి వచ్చేసింది కాబట్టి రెండోసారి దారి దొరికింది. “రిపోర్టు మీద నా సంతకం నేనే పెడతాను. ఆలస్యమైనా సరే.”

బావ నవ్వు ఆగిపోయింది. ముందు మాట్లాడింది అక్క.

“నా చేతిలో పిల్లని పెట్టడానికి నమ్మకం ఉంది. నా మొగుడి చేతిలో పెన్ను పెట్టడానికి లేదన్నమాట!”

అతను సీసాని తిరిగి పెట్టెలో పెట్టి, పెట్టెని గట్టు మీదకెత్తాడు.

స్టూలమ్మ మొదటి కాగితం మీద ముద్ర వేసింది. రెండోదాన్ని మడిచి, ముద్ర లేకుండానే బావకి తిరిగిచ్చింది.

స్కూటరు దాకా స్టూలు అతనే మోసుకొచ్చాడు. “మీరు లేకపోతే పెట్టేసేవాణ్ణండీ” అన్నాడు.

“నేనేం చేశాను నాయనా? కూర్చోమన్నాను, అంతే.” తాడు బిగిస్తూ తన సంగతి చెప్పింది. “నేను బడిలో భూగోళం చెప్పేదాన్ని. ప్రపంచ పటం గోడకి తగిలించి, ఇదిగో సముద్రం, ఇదిగో ఎడారి అంటూ... ఒక రోజు పొయ్యి మీద పాలు పెట్టుకుని నిలబడి ఉంటే, మా మామగారు కాగితం తెచ్చి బీరువా తలుపుకి ఆనించి పట్టుకున్నారు. ‘ఇక్కడొక సంతకం అమ్మా’ అన్నారు. ఒక కన్ను పాల మీదే ఉంది. పెట్టేశాను. చూస్తే అది నా రాజీనామా.”

“మరి?”

“మరేముంది? పాలు నిలిచాయి, ఉద్యోగం పొయ్యిపాలైంది.” తన జోకుకి తనే నవ్వింది. “ప్రపంచమంతా చూపించినదాన్ని, వంటింటి కిటికీలోంచి పక్కింటి గోడ చూస్తూ చాలా ఏళ్లు గడిపాను. ఆయన పోయాక లా చదివాను. గడప దాటలేనివాళ్ల బాధ తెలుసు కనకే, నేనే గడప గడపకీ తిరుగుతున్నాను.”

మర్నాడు పాపని ఎత్తుకుని అక్క ఇంటి మెట్లెక్కి తలుపు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. అక్క అతని వైపు చూడకుండా చేతులు చాచి పిల్లని తీసుకుంది, తలుపేసింది. చాన్నాళ్ల పాటు వాళ్ల మధ్య మాటలు అంతే. బావ మాత్రం ఎక్కువ రోజులు మౌనంగా ఉండలేకపోయాడు. కొరియర్ సంతకానికి వచ్చినా సరే, “ఎవరక్కడ, మా సైంటిస్టుకి సింహాసనం తెండి!” అని ఎత్తిపొడవడం మొదలుపెట్టాడు. అందులో కొంత వేళాకోళం, కొంత కారం. అడకత్తెర విడిపోలేదు. పోకచెక్క మాత్రం ఇంకా నలగలేదు.

అతని భయాలూ ఎక్కడికీ పోలేదు. టీకాల గది దగ్గర, పిల్లల బడి కౌంటరు దగ్గర, “త్వరగా, ఇక్కడొక సంతకం సార్” అని ఎవరైనా పెన్ను చేతిలో పెడుతుంటారు. అప్పుడతను పాపని భుజం మార్చుకుని, “ఒక కుర్చీ ఉంటుందా అండీ?” అని అడుగుతాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. ఒక్కోచోట కుర్చీ ఉండదు. అప్పుడు అందరి కాళ్ల మధ్యా, పాపని ఒళ్లో పెట్టుకుని, నేల మీదే చతికిలపడి మొదటి అక్షరం నుంచి చదువుతాడు.

ఆ రోజు స్కూటరు కదిలే ముందు స్టూలమ్మ చెప్పింది అదే మరి: “నిలబడి ఎప్పుడూ సంతకం పెట్టకు నాయనా. కుర్చీ అడుగు. కుర్చీ లేదంటే, నేలుంది.”