మంచులో మోగిన బరాత్ బాజా

హెలికాప్టర్ మమ్మల్ని దింపి, రెక్క ఆపకుండానే వెళ్ళిపోయింది. ముందు కళ్ళలో మంచు పడింది. తర్వాత నోట్లో. ఆ తర్వాతే కాళ్ళకు నేల తగిలింది. మూడు బంకర్లు, ఒక జెండా, వరుసగా కిరోసిన్ పీపాలు. అది మా పోస్ట్. పేరు అడగకండి, చెప్పను. ఎత్తు చెప్పినా మీరు నమ్మరు.

మా ఊరు ధర్మాబాద్‌లో టీ కొట్టు దగ్గర ఎవరైనా ఆ పోస్టు చలి గురించి అడిగితే ఒకటే చెబుతాను. గ్లాసులో పోసిన టీ పెదాల దాకా వచ్చేసరికి కొరుక్కు తినవలసి వచ్చేది. ఒకరోజు నా నీడ బయటికి రానని మొరాయించి బంకర్లోనే పడుకుంది. అందరూ నవ్వుతారు. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం నేనేమీ కలపలేదు. కలపవలసిన అవసరం రాలేదు.

పోస్టులో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను, రేడియో సెట్ మోసే ఆపరేటర్. అతనిది మా నాందేడ్ జిల్లాలోనే, బిలోలి దగ్గర పల్లె. తల్లి కూలికి పోయి పెంచింది. మా నాయనది ధర్మాబాద్‌లో మిరపకాయల దుకాణం. ఊళ్ళో అయితే అతను మా గడప దగ్గర నిలబడి మాట్లాడేవాడేమో. అక్కడ మా ఇద్దరికీ ఒకే స్టవ్, ఒకే పళ్ళెం. నా కథలకు అతనే పెద్ద గిరాకీ.

"అన్నా, గా నీడ కథ మల్ల చెప్పు."

"నిన్ననే చెప్పిన గద తమ్మీ."

"నిన్న నీడ ఒక్కతే పన్నది. ఇయ్యాల దానికి జ్వరమన్న రానియ్యి."

పెట్రోలింగ్‌కు బయలుదేరే ముందు రోజే ఫోన్లన్నీ ఇనప పెట్టెలో వేసి తాళం పెట్టాలి. ఫోన్ సిగ్నల్ వెతుక్కుంటుంది. అది వెతుకుతున్న సంగతి అవతలివాడికి తెలుస్తుంది. వెంట తీసుకుపోయేది ఒకే ఒక టాబ్లెట్. సిమ్ ఉండదు. కొండల నక్షా ముందే అందులో ఎక్కించి ఉంటుంది. కాగితం నక్షా పోస్టులోనే గోడకు ఉంటుంది.

టాబ్లెట్ నా బాధ్యత. చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. అందుకే ఆఫ్ చేసి, ఉన్ని మేజోడులో తొడిగి, చొక్కా లోపల ఒంటికి ఆనించి మోయాలి. పడుకున్నప్పుడు స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కనే పెట్టుకోవాలి. మా ఇంట్లోది చూస్తే సవతి అనుకునేది. చేతి తొడుగు తీస్తే వేళ్ళు పోతాయి, తొడుగుతో నొక్కితే తెర కదలదు. అందుకని మేమందరం ముక్కుతో నొక్కేవాళ్ళం.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం తెరిచి చూశాను. నక్షా ఉంది. అప్పుడు ఆపరేటర్ వచ్చాడు.

"అన్నా, ఇటు ఇయ్యి. సెట్ బ్యాటరీలతో పాటు దీన్ని గూడ చార్జింగ్ బెడ్త."

"పైలం తమ్మీ."

"నా పానం లెక్క చూస్త."

తెల్లవారి మేజోడులో పెట్టి తిరిగిచ్చాడు. పోతున్నప్పుడు ఎండ కాసింది. ఎర్ర జెండాలు దారి చూపించాయి. టాబ్లెట్ తెరిచే పని పడలేదు.

మేం ఐదుగురం. ముందు హవల్దార్, సాంగ్లీ వైపు మరాఠీ మనిషి. వెనక నేను, ఆపరేటర్, ఒక సిపాయి, చివర వంటాయన. రెండో రాత్రి తుఫాను వచ్చింది. పొద్దున చూస్తే జెండాలు లేవు, మా అడుగులూ లేవు. వంటాయన లేవలేదు. ఛాతీలో హుక్కా గుడగుడలాడినట్టు చప్పుడు. పెదాలు నేరేడు పండు రంగు. ఎత్తుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఆ జబ్బుకు మందు ఒకటే, వెంటనే కిందికి దించడం. కిందికి పోయే లోయలు రెండు. రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి పోస్టుకు పోతుంది. రెండోది మంచు పగుళ్ళలోకి.

"నక్షా కాఢ్, లవ్‌కర్!" అన్నాడు హవల్దార్. త్వరగా తియ్యమని.

దుప్పటి కప్పుకుని టాబ్లెట్ వెలిగించాను. తెరమీద ఒక నీలం చుక్క కనిపించింది. అది మేము. చుక్క చుట్టూ ఏమీ లేదు. కొండ లేదు, లోయ లేదు, గీత లేదు. ఖాళీ. ముక్కుతో అటూ ఇటూ నొక్కాను. ఎక్కడ తగిలిందో ఏమో, ఒక్కసారిగా బ్యాండు మోగింది. డప్పులు, బాకాలు. ట్రాక్టర్ మీద లైట్లు, గుర్రం మీద పెళ్ళికొడుకు, ముందు ఎగురుతున్న జనం. ఆ తెల్లటి కొండల మధ్య, కొన ఊపిరితో ఉన్న మనిషి పక్కన, ఎవరిదో బరాత్.

నేను ఆపరేటర్ వైపు చూశాను. అతను సెట్ బెల్టు సర్దుకుంటున్నాడు.

"మా బామ్మర్ది లగ్గం అన్నా," అన్నాడు మెల్లగా. "నా ఫోన్ పెట్టెల పడ్డది. పోస్టుల వైఫై అచ్చినంక దీంట్ల దించుకున్న. జాగ సరిపోలే. ఏదో పెద్దది ఉండె, తీసేసిన. నక్షా అని తర్వాత ఎర్కైంది."

"ఎప్పుడెర్కైంది?"

"బయలెల్లే ముంగట."

రెండు రోజులు నా వెనకే నడిచాడు. ఒక్క మాట చెప్పలేదు.

"కోణాచా ఆహే రే హా?" హవల్దార్ అరిచాడు. ఎవడిది ఇది అని. ఆపరేటర్ సెట్ మీది మంచు దులుపుతున్నాడు. వంటాయన మళ్ళీ దగ్గాడు.

"మా ఊళ్ళ వైపుదే సాబ్. తిట్లు తర్వాత తిందాం. ముందు ఈయన్ని లేపండి," అన్నాను.

నక్షా పోయినా చుక్క అబద్ధం చెప్పదు. అది నిలబడ్డ చోటికి అక్షాంశ రేఖాంశాల అంకెలు చూపిస్తుంది. నేను దుప్పటి కింద అంకెలు చదివాను. ఆపరేటర్ సెట్‌లో చెప్పాడు. పోస్టులో ఉన్న ఆఫీసర్ సాబ్ గోడమీది నక్షాలో వెతికి బదులిచ్చాడు. "ఎడమ లోయ. కుడివైపు వద్దు. ఓవర్." ప్రతి మలుపుకూ అదే పని. మధ్యలో టాబ్లెట్‌ను చంకలో పెట్టి వేడి చేశాను. వంటాయన్ని దుప్పటిలో చుట్టి వంతులవారీగా ఈడ్చాం. పోస్టు పొగ కనిపించిన కాసేపటికి టాబ్లెట్ చచ్చిపోయింది. వంటాయన బతికాడు.

తర్వాత విచారణ. బల్ల వెనక మేజర్ సాబ్. నక్షా ఎవరు తీసేశారని అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆపరేటర్‌ను పిలిచాడు.

అతను అటెన్షన్‌లో నిలబడి హిందీలో చెప్పాడు. "సాబ్, టాబ్లెట్ ఆయన దగ్గరే ఉంది. బరాత్ ధర్మాబాద్ వైపుది. మా ఊళ్ళ వైపుదేనని ఆయనే హవల్దార్ సాబ్‌కు చెప్పాడు. ఆయనకు కథలు అల్లే అలవాటు ఉంది. పోస్టులో ఎవరిని అడిగినా చెబుతారు."

అడిగారు. అందరూ చెప్పారు. హవల్దార్ కూడా, నేలచూపులు చూస్తూ. మేజర్ సాబ్‌కు బిలోలి బరాత్ ఏది, ధర్మాబాద్ బరాత్ ఏది? నా రికార్డులో ఎర్ర సిరా పడింది. నాకు ప్రమోషన్‌గా రావలసిన నాయక్ పట్టీ ఆపరేటర్ భుజం మీదికి వెళ్ళింది.

సెలవు ఇద్దరికీ ఒకేసారి దొరికింది. రైలులో బెర్తులు ఎదురెదురు. భోపాల్ దాటాక అతను ఇటు వంగాడు.

"కోపమా అన్నా?" అన్నాడు. "నౌకరి పోతే నీకు దుకాణముంది. నాకేముంది, జెప్పు."

నేను దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకున్నాను. ఆ మాట ఇన్నేళ్ళయినా చెవిలోంచి పోలేదు.

నాందేడ్ స్టేషన్లో అతని తల్లి నిలబడి ఉంది. బిలోలి నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిందట. కొడుకు భుజం మీది కొత్త పట్టీని వేలితో తడిమి చూసింది.

"అమ్మా, మంచుల తోవ దప్పినమే. నేనే సెట్ మీద మాట్లాడి అందర్ని కిందికి దించిన. అన్నను అడుగు గావాలంటే."

ఆమె నా వైపు తిరిగింది. "అవునా కొడ్కా? గింత పని జేసిండా నా పోరడు?"

ఎన్ని కథలు చెప్పిన నోరో ఇది. ఆ ఒక్కటి చెప్పడానికి ఎంత బరువైందో.

"అవునమ్మా. నీ కొడుకే దించిండు."

ఆమె రెండు చేతులూ అతని బుగ్గల మీద తిప్పి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. పది వేళ్ళూ పటపటమన్నాయి. దిష్టంతా పోయిందని నవ్వింది. ఆమెకు అందేలా అతను తల వంచి ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు, చంటిపిల్లవాడు నిద్రపోయినట్టు, హాయిగా.