మక్తల్‌లో కల్లు కార్యక్రమం

తొంభైల చివర్లో, నల్లగొండలో నేను పనిచేసే ప్రెస్సులోకి కంప్యూటరుతో పాటు ఇంటర్నెట్టు కూడా వచ్చింది. పెళ్ళిపత్రికలు కంపోజ్ చేయడం నా పని. ఓనరు భోజనానికి వెళ్ళినప్పుడు పొడుపుకథలు పంపడం నా అలవాటు. మాది పొడుపుకథల గుంపు. ఒకరు కథ వేస్తే మిగతావాళ్ళు ఈమెయిల్లో విప్పేవాళ్ళు. ఎవరి ముఖం ఎవరికీ తెలియదు. అప్పట్లో ఒకరు పంపిన తెలుగు అక్షరాలు ఇంకొకరి కంప్యూటర్లో కోడి కెలికినట్టు కనిపించేవి. అందుకని తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. నేనిప్పుడు చెప్పబోయే ప్రయాణానికీ, అందులో జరిగిన గందరగోళానికీ అదే మూలం.

మా గుంపుకు పెద్దదిక్కు సులోచనగారు. సొంతూరు తెనాలి వైపు, ఉద్యోగం హుజూర్‌నగర్‌లో టీచరు. ఆమె భర్తకు అక్కడే కంప్యూటర్లు నేర్పే సెంటరు ఉంది. చిన్న ఎల్ కొడితే ‘ల’, పెద్ద ఎల్ కొడితే ‘ళ’ అని ఆమె మాకొక నియమం పెట్టారు. తప్పితే నలుగురి ముందు కడిగేసేవారు. అందరం భయపడి పెద్ద ఎల్ కొట్టేవాళ్ళం, ఒక్క నర్సింలు తప్ప. అతను మక్తల్‌లో ఎస్టీడీ బూత్ నడుపుతాడు. పెద్ద అక్షరం పడాలంటే నొక్కాల్సిన మీట తన కంప్యూటర్లో పనిచేయదని అతని వాదన.

మాఘమాసంలో ఆ నర్సింలే అందరినీ పిలుస్తూ మెయిలు పెట్టాడు. దాన్ని తెలుగులో చదివితే ఇదీ:

“ఆదివారం మా దగ్గర కల్లు కార్యక్రమం. అంత ఫ్రీ. పొద్దుగాల్నే కావాలె, ఎండ ఎక్కితే పనికిరాదు. ఒక్క చుక్క పడితే లోకమే వేరే కనవడ్తది. ఇంట్ల పెద్దోళ్లుంటె తోల్కరాండ్రి.”

నేను వస్తానన్నాను. షాద్‌నగర్‌లో పైపుల ఫ్యాక్టరీలో స్టోరు చూసే రఫీ వస్తానన్నాడు. ఎవరూ ఊహించని విధంగా సులోచనగారు కూడా రాశారు: “తప్పక వస్తాం. మా అత్తయ్యగారిని కూడా తీసుకొస్తున్నాను. ఆవిడ చాలా ఆశతో ఉన్నారు.” అది చదివి నాకు ఆవిడ అత్తగారి మీద గౌరవం కలిగింది.

శనివారం పొద్దున ఏడింటికి నల్లగొండ బస్టాండులో కలుసుకున్నాం. సులోచనగారు పొడుగ్గా, చేతిలో బెత్తంతో ఉంటారని ఎందుకో అనుకున్నాను. నా భుజం దాకా కూడా లేరు. చేతిలో దూది పొట్లం. పక్కన డెబ్బై దాటిన ఆవిడ, నేతచీర కట్టుకుని, మనవడి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నారు.

“సత్యంగారంటే పెద్దవారనుకున్నానండీ. మీ పొడుపుకథలు అంత పాతవి” అన్నారు సులోచనగారు.

అత్తగారి పేరు రామతులసమ్మగారు. పొద్దున్నే ఆ నల్లద్దాలెందుకని అడిగాను.

“అయ్యాక ఎలాగూ పెట్టుకోవాలిగా బాబూ, అలవాటవుతుందని” అన్నారావిడ.

కల్లు తాగిన తర్వాత కళ్ళు ఎర్రబడతాయి, దాచుకోవడానికి కాబోలనుకున్నాను. ఎంత ముందుచూపు అనిపించింది. హైదరాబాదు బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. నార్కట్‌పల్లి దాటి చిట్యాల వచ్చేదాకా అంతా బాగానే ఉంది. అక్కడ సులోచనగారు గొంతు తగ్గించి అడిగారు.

“కుడిది ముందు చేస్తారా, ఎడమది ముందు చేస్తారా?”

“ఏంది మేడమ్?”

“కన్నండీ. రెండూ ఒకేసారి ఆపరేషన్ చెయ్యరు కదా.”

నర్సింలు మెయిలు నాకు నోటికి వచ్చు. మొదటినుంచీ మళ్ళీ మనసులో చదువుకున్నాను. కె, ఎ, ఎల్, ఎల్, యు. ఎండ ఎక్కితే పనికిరాదు. ఒక్క చుక్క పడితే లోకమే వేరే కనబడుతుంది. పెద్దవాళ్ళను తీసుకురండి. ఏ వాక్యం పట్టుకున్నా కంటి శిబిరానికి సరిగ్గా సరిపోతోంది.

మెల్లగా చెబుదామని మొదలుపెట్టాను. “మేడమ్, మా దిక్కు కండ్లు అంటం. కళ్ళు అనం.”

“తెలుసండీ. అందుకే నరసింహులుగారు మొట్టమొదటిసారి గ్రాంథికంగా రాస్తే ఎంత సంతోషించానో. పెద్ద ఎల్ పెట్టలేదనుకోండి, నేనే సరిచేసుకుని చదువుకున్నాను. రెండేళ్ళ శ్రమ వృథా కాలేదు.”

చెప్పడం అక్కడితో మానేశాను. చౌటుప్పల్‌లో బస్సు ఆగితే దిగి రెండు టీలు వరసగా తాగాను.

హైదరాబాదులో ఇడ్లీ తిని రాయచూరు బస్సెక్కాం. అటు వెళ్ళదలచినవాళ్ళు ఎడమవైపు కూర్చోవడం మంచిది. మధ్యాహ్నం ఎండ కుడివైపు కొడుతుంది. షాద్‌నగర్‌లో రఫీ ఎక్కాడు. బస్సంతా వినబడేట్టు “పొడుపుకథలోల్లు ఎవరు?” అని అడిగి మమ్మల్ని గుర్తుపట్టాడు. అతని రెండు చేతుల్లోనూ రెండు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు. ఒకటి పైన పెట్టి, రెండోది రామతులసమ్మగారి కాళ్ళ దగ్గర దోపాడు.

“ఎందుకు నాయనా ఈ డబ్బాలు?” అని ఆవిడ అడిగారు.

నేను దగ్గాను. రఫీకి అర్థం కాలేదు.

“మందు తీస్కపోనీకి అవ్వా. నేనైతె ముట్ట. మా షిఫ్టోల్లు తెమ్మన్నరు.”

“అంత మందే? అందరికీ కళ్ళేనా?”

“అందరికి కల్లే అవ్వా. ఒక్కొక్కనికి లీటరన్న కావాలె.”

సులోచనగారి ముఖం జాలితో నిండిపోయింది. “ఫ్యాక్టరీ పొగకు పాపం కళ్ళు పాడవుతాయి” అన్నారు. నేను రఫీని వెనక సీటుకు లాక్కుపోయి సంగతి చెప్పాను. వాడు నవ్వీ నవ్వీ జడ్చర్ల దాకా ఎక్కిళ్ళు పెట్టాడు.

“ఇప్పుడు చెప్తె గీడనే దిగి వాపస్ పోతరన్నా” అన్నాడు ఊపిరి తీసుకుని. “రాసినోడు నర్సింలు. వాడే చెప్పుకుంటడు. మనకెందుకు ఫికర్?”

మహబూబ్‌నగర్‌లో బస్సు చాలాసేపు ఆగింది. దేవరకద్ర, మరికల్ దాటుతుంటే నల్ల బండరాళ్ళు, వేరుశనగ చేలు, రోడ్డుకు అడ్డంగా గొర్రెల మందలు. చూడదగ్గ దారే. నేను మాత్రం రెండేళ్ళుగా మమ్మల్ని కలిపి ఉంచిన మనిషి రేపటితో గుంపు వదిలి వెళ్ళిపోతుందేమోనన్న బెంగతోనే చూశాను. గుంపులో ఎవరికి జ్వరమొచ్చినా మర్నాడు ఆమె మెయిలు ఉండేది. మా నాయన మగ్గం మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, ఒత్తులు ఎక్కడెక్కడ తప్పాయో ఎత్తిచూపుతూనే, వారం పాటు రోజూ ఎలా ఉందని అడిగింది ఆమె ఒక్కతే.

పొద్దు వాలుతుండగా మక్తల్ చేరాం. నర్సింలు సన్నగా, పెద్ద మీసాలతో బస్టాండులోనే నిలబడి ఉన్నాడు. సులోచనగారికి వంగి దండం పెట్టాడు. నేను సైగలు చేస్తూనే ఉన్నాను, చూస్తే కదా.

“మేడమ్, అవ్వ వస్తుందని రాసినకాన్నుంచి మాకు ఒకటే సంబురం. అవ్వకని ఒక చెట్టు పక్కకు పెట్టిన.”

“చెట్టు వైద్యమా? ఆపరేషన్ అనుకున్నామే” అన్నారు సులోచనగారు అనుమానంగా.

నర్సింలుకు వైద్యం అన్న మాట వినబడలేదో, తమాషాకు అన్నారనుకున్నాడో. “మా అన్న చేయి మంచిది మేడమ్. ఇరవై ఏండ్ల సంది గీస్తుండు.”

“గీస్తారా? ముందు మత్తు ఇస్తారా?”

“మత్తు ముందుగాల ఎట్లొస్తది మేడమ్? గీసినంక, దాని ఎనుక అదే వస్తది.”

సులోచనగారు అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

నర్సింలు ఇంట్లో జొన్నరొట్టెలు, వంకాయకూర, పచ్చిపులుసు పెట్టారు. అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళి రఫీ, నేను చెరోవైపు నిలబడి విషయం చెప్పాం. అతను అరుగు మీద కూలబడ్డాడు.

“నేను చెప్పలేనన్నా. మెయిల్లనే ఆమెంటె భయమైతది. ఎదురుంగ ఎట్ల చెప్పాలె? నువ్వే జర చెప్పు.”

ముగ్గురం ఒకరి మీద ఒకరు తోసుకున్నాం. చివరికి ఎవరమూ చెప్పలేదు.

తెల్లవారి చలిలో వాగు ఒడ్డున ఈతవనానికి నడిచాం. సులోచనగారు దూది పొట్లం తెచ్చారు. నర్సింలు అన్న రాములు అప్పటికే చెట్టు మీద ఉన్నాడు. నడుముకు మోకు బిగించుకుని, నురగ పొంగుతున్న కుండ పట్టుకుని దిగాడు. వాసన గుప్పుమంది.

“ఇది ఏమిటండీ?” అని సులోచనగారు అడిగారు.

మేం ముగ్గురం వాగు వైపు చూశాం. పాపం రాములుకేం తెలుసు.

“కల్లు” అన్నాడు.

ఆమె పెదవులు కదిలాయి. కె, ఎ, ఎల్, ఎల్, యు. వేలితో గాల్లో రాసుకున్నారు. తర్వాత వెళ్ళి వాగు ఒడ్డున అటు తిరిగి నిలబడ్డారు. నర్సింలు వెనకాలే వెళ్ళి, పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని ఆగాడు.

“మేడమ్, మాకు కండ్లంటే కండ్లే, కల్లంటే కల్లే. రెండిట్ల ఫరక్ ఉంటది. మీ దిక్కు రెండు ఒక్క తీర్గ వినవడ్తయని నాకు తెల్వదు. తప్పు నాదే. కాని గుంపు మాత్రం ఇడిసిపెట్టకుండ్రి.”

ఆమె భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. ఆమె ఇటు తిరిగారు. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటున్నారు.

“మత్తు దాని ఎనుక అదే వస్తుందా, నరసింహులుగారూ?” అని మాత్రం అనగలిగి మళ్ళీ నవ్వు అందుకున్నారు.

ఇక రఫీని ఆపడం ఎవరి తరం కాలేదు. మేమందరం తేరుకుని చూసేసరికి, రామతులసమ్మగారు చాప మీద కూర్చుని, రాములు పోసిన ఆకుదొప్ప ఖాళీ చేసి రెండోది పట్టుకుని ఉన్నారు. నల్లద్దాలు నెత్తి మీదికి ఎక్కాయి.

“అత్తయ్యా, అది మందు కాదు” అన్నారు సులోచనగారు.

“నాకు షాద్‌నగర్లోనే తెలుసు. ఆ డబ్బా నా కాళ్ళ దగ్గరే పెట్టాడు కదా ఈ అబ్బాయి. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోతుందా? మాదీ తాటితోపుల ఊరేగా.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే వెనక్కి తిప్పుతావు. నువ్వు ఆ పెట్టె ముందు కూర్చుని ఊరూరి వాళ్ళతో కబుర్లాడతావు. నేనెవరితో ఆడను? నలుగురితో కలిసి బస్సెక్కి ఎన్నేళ్ళయిందో.” దొప్ప ఎత్తి ఇంకో గుక్క తాగారు. “మీది పొడుపుకథల గుంపన్నారుగా. విప్పండి. చెట్టుకు గాయం, మనిషికి పాట.”

కుండ ఎదురుగా ఉంది కాబట్టి అది విప్పగలిగాం. తర్వాత ఆవిడ వేసినవి ఒక్కటీ విప్పలేకపోయాం. ఎండ వెచ్చబడేదాకా అక్కడే కూర్చున్నాం. రాములు నిజంగానే పాట అందుకున్నాడు. రఫీ మంచినీళ్ళు తాగుతూనే అందరికంటే ఎక్కువ ఊగాడు. సులోచనగారు వేలితో ఒక్క చుక్క నాలుకకు తాకించి, పులుపు ఎక్కువైందని తీర్పు చెప్పారు.

బస్టాండు పక్కన ఖాదర్ భాయ్ అనే ముసలాయన గోనెసంచి పరిచి కళ్ళజోళ్ళు అమ్ముతున్నాడు. నర్సింలు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. “కార్యక్రమం అని పిలిచినంక ఉట్టిగ పంపుతనా?” అన్నాడు. ఖాదర్ భాయ్ పరీక్ష తేలిక. ఒక జోడు పెట్టి ఎదురుగా బస్సు బోర్డు చదవమంటాడు. చదవలేకపోతే ఇంకో జోడు. రామతులసమ్మగారు ఏడెనిమిది పెట్టి చూసి, గులాబీ రంగు ఫ్రేము దగ్గర ఆగిపోయారు.

“కనబడుతోందా అత్తయ్యా?”

“బాగుంది.”

“బాగుండటం కాదు, కనబడుతోందా?”

“రాయచూరు అని ఉంది. ఆ పక్కన కండక్టరు గడ్డం గీసుకోలేదు.”

ఊరెళ్ళాక డాక్టరుకు కూడా చూపించాలన్న షరతు మీద సులోచనగారు ఒప్పుకున్నారు.

తిరుగు బస్సు దేవరకద్ర దాటాక, ఎండకు పొంగి రఫీ డబ్బా మూత తుపాకీ పేలినట్టు ఎగిరింది. ముందు సీటాయన చొక్కా తడిసింది. కండక్టరు లేచి వచ్చాడు.

“ఏందిది? ఎవలది?”

రఫీ మూత వెతుకుతున్నట్టు సీటు కిందికి వంగాడు. సులోచనగారు చీర సర్దుకుని, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో అన్నారు.

“కంటి మందు బాబూ.”

కండక్టరు ముక్కు ఎగబీల్చి ఆమెను, నురగను, గులాబీ కళ్ళజోడును వరసగా చూశాడు. “జర మూత గట్టిగ వెట్టుకోండ్రమ్మా కండ్లకు” అని వెళ్ళిపోయాడు. షాద్‌నగర్‌లో దిగుతూ రఫీ ఆమె కాళ్ళకు దండం పెట్టబోయాడు. వచ్చే చలికాలం తనింటికి బిర్యానీకి రావాలని మాట తీసుకున్నాడు. ఇంగ్లీషులో ఎట్ల రాసినా బిర్యానీ బిర్యానీయేనని హామీ ఇచ్చాడు.

అక్కడినుంచి మాకు నిద్ర లేదు. రామతులసమ్మగారు దారిలో కనబడ్డ ప్రతి బోర్డూ, ప్రతి గోడరాతా పైకి చదివారు. ఎరువులు, సిమెంటు, ఇద్దరు పిల్లలు చాలు, మొలలకు గ్యారంటీ వైద్యం, ఏదీ వదల్లేదు. బస్సులో సగం మంది ఆవిడ చదివేదాని కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు.

ముఖాలు తెలియనప్పుడు మాకు సులోచనగారంటే భయం. తెలిశాక భయం పోయింది, చనువు వచ్చింది. ఊళ్ళు చూడటానికి చాలా దారులున్నాయి గానీ, అక్షరం తప్పి వెళ్ళిన ఊరు ఎక్కువ గుర్తుంటుంది. నల్లగొండలో వాళ్ళిద్దరినీ ఆఖరు హుజూర్‌నగర్ బస్సు ఎక్కించి, దీపస్తంభం కింద నిలబడి చెయ్యి ఊపాను. రామతులసమ్మగారు కిటికీలోంచి తల బయటపెట్టి, కళ్ళజోడు సర్దుకుని, నా నెత్తి మీది బోర్డును ప్లాట్‌ఫారమంతా వినబడేట్టు చదివారు.

“జేబుదొంగలు ఉన్నారు, జాగ్రత్త.”

బస్సు కదిలింది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ జేబులు తడుముకుని నా వైపు చూశారు.